మజిల్ లోడర్ రైఫిల్‌కు ఏ మందు వాడాలి? ఎలా తేల్చుకోవాలి?

"అన్నా, తాత తుపాకి ఉంది. నోట్లోంచి మందు కూరేది. దీనికి ఏ మందు పోయాలి?"

ఈ ప్రశ్న టోలిచౌకి నుంచి వస్తుంది, వికారాబాద్ దగ్గర పొలాలున్నవాళ్ల నుంచి వస్తుంది. చలికాలం దగ్గర పడితే అమెరికాలో ఉన్న మన హైదరాబాద్ పిల్లల నుంచి కూడా వస్తుంది. వాళ్లు జింకల వేట సీజన్ కోసం కొత్త మజిల్ లోడర్, అంటే మూతిలోంచి మందు కూరే తుపాకి కొని, షాపులో నాలుగైదు రకాల డబ్బాలు చూసి ఆగిపోతారు. అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఒకచోట రాస్తున్నాను.

ఒక్క మాట ముందే. ఏ మందు మంచిది అని అడిగితే జవాబు రాదు. ఈ తుపాకికి ఏ మందు అని అడగాలి. మందును నిర్ణయించేది తుపాకి. దుకాణం కాదు, ఊళ్లో పెద్దాయన కాదు, వీడియో అంతకంటే కాదు. అందుకే కింది మెట్లలో మొదటి రెండూ మందు గురించి కాదు, తుపాకి గురించి. వాటిని దాటేసి మూడో మెట్టుకు పోకండి.

ముందుగా చట్టం

మజిల్ లోడర్ పాతకాలపుది కాబట్టి లైసెన్స్ అక్కర్లేదని చాలామంది నమ్ముతారు. తప్పు. మన దేశంలో ఆయుధ చట్టం 1959, ఆయుధ నియమావళి 2016 దీనికీ వర్తిస్తాయి. పురాతన వస్తువు అన్న మినహాయింపు ఉంది కానీ, అది మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశమే లేని వాటికి. మీరు మందు గురించి అడుగుతున్నారంటే మీది పేలే తుపాకి.

లైసెన్స్ నాన్నగారి పేరున ఉంటే పేల్చే హక్కు నాన్నగారిదే, మీది కాదు. లైసెన్స్‌దారు చనిపోతే తుపాకిని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ జమ చేయాలి. తర్వాత వారసుడు తన పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. నగరంలో లైసెన్స్ ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది. మందు, క్యాపులు (మందుకు నిప్పు అంటించే చిన్న లోహపు మూతలు) కొనేది కూడా ఆ లైసెన్స్ మీదే, అందులో రాసిన పరిమితి లోపలే.

బరాత్‌లో, దసరా రోజు గాల్లోకి పేల్చడం కోసం అయితే ఇక్కడితో చదవడం ఆపేయండి. 2019 సవరణ తర్వాత వేడుకల్లో నిర్లక్ష్యంగా పేల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేట సంగతీ అంతే: వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా అడవి జంతువును కాల్చడం నేరం. తుపాకి ఏ పనికి, ఏ ప్రాంతంలో అన్నది మీ లైసెన్స్ మీదే రాసి ఉంటుంది. అది దాటకండి.

అమెరికాలో ఉన్నవాళ్లు మీ రాష్ట్రం సీజన్ నియమాలు చదివాకే మందు కొనండి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే మజిల్ లోడర్ సీజన్ చెకుముకి తుపాకులకే, అంటే రాయి రాల్చే నిప్పురవ్వతో పేలేవాటికే. కొలరాడో మజిల్ లోడర్ సీజన్‌లో బిళ్లల మందు నిషేధం, పొడి మందే వాడాలి. అంటే తుపాకి కంటే ముందు సీజనే కొన్ని మందులను పక్కన పెట్టేస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకునే విషయంలో మీకు వర్తించే నియమాలు కూడా ముందే కనుక్కోండి.

కావలసినవి

- చెల్లుబాటులో ఉన్న లైసెన్స్
- కొత్త రైఫిలైతే తయారీదారు ఇచ్చిన పుస్తకం. పాతదైతే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) పరీక్ష చేసి చెప్పిన మాట
- కూరే కడ్డీ, దాని మీద గీత పెట్టడానికి పెన్ను
- గ్రెయిన్ల (మందు కొలిచే చిన్న ప్రమాణం) గీతలున్న ఇత్తడి కొలత గొట్టం
- సీలు తీయని అసలు డబ్బాలో మందు
- గట్టిగా నేసిన నూలు గుడ్డ. టెరిలిన్, పాలిస్టర్ కలిసినది వద్దు, అది కరిగి తుపాకి గొట్టానికి అంటుకుంటుంది
- తేనెమైనం, వంటనూనె కలిపిన జిడ్డు
- కళ్లద్దాలు, చెవులకు మఫ్స్
- వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు
- నోట్‌బుక్

1. తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడండి

తాతల నాటి తుపాకుల్లో చాలావాటిని మందు కూరి గోడకు తగిలించి వదిలేశారు. తడి తగలని తుపాకి మందు పదుల ఏళ్లయినా చావదు. కాబట్టి పాత తుపాకి చేతికి వస్తే అది నిండుగా ఉందనే అనుకోవాలి.

నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న మొన) మీద క్యాప్ ఉంటే తీసేయండి. చెకుముకి తుపాకి అయితే రంజకం పళ్లెం (నిప్పు అందుకునే చిటికెడు మందు వేసే చోటు) తెరిచి తుడవండి. మూతి ఎవరివైపూ లేకుండా, మీ ముఖం దాని ముందుకు రాకుండా పక్కన నిలబడి కడ్డీని మెల్లగా లోపలికి దించండి. ఆగిన చోట మూతి దగ్గర కడ్డీ మీద గీత పెట్టండి. కడ్డీ బయటికి తీసి, ఆ గీత మూతి దగ్గరే ఉండేలా గొట్టం పక్కన ఆనించండి. కడ్డీ చివర రంజకం రంధ్రం దాకా, లేదా నిపుల్ కింది దాకా వస్తే ఖాళీ. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది.

ఉంటే, పేల్చి ఖాళీ చేద్దామనుకోకండి. వేడి చేయడం, మేకుతో పొడవడం, డ్రిల్లు పెట్టడం అసలే వద్దు. తుపాకిని కదపకుండా అక్కడే ఉంచి, పిల్లల్ని దూరంగా పంపి, లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌ను పిలిపించండి. ఆయన ముందు లోపలి మందును తడిపి చంపుతాడు, తర్వాత గుండు తీస్తాడు.

2. మీ తుపాకి ఏ రకమో తేల్చుకోండి

నాలుగు సంగతులు చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.

నిప్పు ఎలా అంటుకుంటుంది? చెకుముకి రాయి రంజకం పళ్లెంలో నిప్పురవ్వలు రాల్చేదా, నిపుల్ మీద పదకొండో నంబరు క్యాప్ పెట్టేదా, లేక మందుకు సరిగ్గా వెనకే నిప్పు అంటుకునే కొత్త ఇన్‌లైన్ రైఫిళ్లలో లాగా 209 ప్రైమర్ (క్యాప్ లాంటిదే, ఇంకా వేడైనది) పెట్టేదా? సగం ఎంపిక ఇక్కడే అయిపోతుంది.

గొట్టంలో గాడులున్నాయా? మన వైపు ఇళ్లలో దొరికే వాటిని అందరూ రైఫిల్ అనే అంటారు కానీ చాలావాటి గొట్టం నున్నగా ఉంటుంది. సన్నటి టార్చి లోపలికి దించి చూడండి. మెలికలు తిరిగిన గాడులు కనిపిస్తేనే రైఫిల్.

వ్యాసం ఎంత? అంగుళంలో .45, .50, .54, .58 అని చెబుతారు. గొట్టం మీద చెక్కి ఉంటే సరే, లేకపోతే గన్‌స్మిత్ కొలుస్తాడు. స్కేలు పెట్టి మీరు కొలిచింది లెక్కలోకి రాదు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: గొట్టం బలంగా ఉందా? లోపల తుప్పు గుంటలు, బయట ఉబ్బు, అతుకు గీతలు, ఇనుప పట్టీలు మెలితిప్పి చేసిన గొట్టాల మీద కనిపించే చారలు చూడండి. ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి గొట్టాలను పరీక్షించి ముద్రలు వేస్తోంది. అలాంటి ముద్ర ఉంటే, అది తయారైన రోజున ఆ పరీక్షలో నెగ్గిందని అర్థం. ఈ రోజుకీ అంతే బలంగా ఉందని కాదు. చారల గొట్టం, గుంటలు పడ్డ గొట్టం, ఎవరు చేశారో తెలియని గొట్టం ఉన్న తుపాకికి నా సలహా ఒక్కటే: దానికి మందు వెతకకండి. శుభ్రం చేసి, లైసెన్స్ నియమాల ప్రకారం దాచుకోండి. ఇది చెబితే చాలామందికి బాధ కలుగుతుంది, తాత జ్ఞాపకం కదా అంటారు. జ్ఞాపకం కాబట్టే పగిలిపోకూడదు.

3. ఏ జాతి మందు?

ముందు ఎప్పటికీ పోయకూడనివి చెబుతాను. మజిల్ లోడర్ ప్రమాదాలకు పెద్ద కారణాలు ఇక్కడే ఉన్నాయి.

పన్నెండు బోరు కార్ట్రిడ్జ్ విప్పి అందులోని మందు పోయకండి. అది పొగలేని మందు, స్మోక్‌లెస్ పౌడర్. చూడడానికి నల్లగానే ఉండొచ్చు, కానీ అది పుట్టించే ఒత్తిడిని నల్లమందు కోసం చేసిన గొట్టం తట్టుకోదు. చేతులు, కళ్లు పోయేది ఇలాగే. కొంచెమే పోస్తాను, సగమే పోస్తాను అన్న మాట పనికిరాదు. ప్రత్యేకంగా స్మోక్‌లెస్ కోసమే చేసిన మజిల్ లోడర్లు అమెరికాలో కొన్ని ఉన్నాయి. మీ రైఫిల్ పుస్తకంలో ఆ మాట స్పష్టంగా రాసి లేకపోతే మీది ఆ రకం కాదు.

దీపావళికి నగరమంతా వెలిసే టపాసుల దుకాణాల్లోని సరుకు కూడా వద్దు. లక్ష్మీబాంబు విప్పి తీసిన పొడి తుపాకి మందు కాదు. దాని పని ఒక్కసారిగా పగలడం. తుపాకి మందు పని గుండును ముందుకు నెట్టడం.

ఊళ్లో ఎవరో దంచి, ఎండబెట్టి, సీసాలో పోసి ఇచ్చింది వద్దు. అది చట్టవిరుద్ధం, పైగా పలుకు ఒక తీరుగా ఉండదు. ఇవాళ మెల్లగా పేలిన సీసాలోని మందే రేపు గట్టిగా పేలుతుంది. చేసేవాడి చేయి కూడా ప్రమాదంలోనే ఉంటుంది.

ఇక వాడదగినవి రెండు రకాలు.

అసలైన నల్ల తుపాకి మందు, అంటే బ్లాక్ పౌడర్. చెకుముకి తుపాకికి ఇది తప్ప వేరే దారి లేదనే అనుకోండి, ఎందుకంటే నిప్పురవ్వకు తేలిగ్గా అంటుకునేది ఇదే. క్యాప్ తుపాకికీ ఇదే మొదటి ఎంపిక. అమెరికాలో గోఎక్స్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చే స్విస్, జర్మనీ నుంచి వచ్చే షూట్జెన్ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. గోఎక్స్ ఉత్పత్తిని 2021లో ఆపేశారు, 2022లో ఎస్టెస్ ఎనర్జెటిక్స్ కొని మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి పాత డబ్బా, కొత్త డబ్బా రెండూ చేతికి వస్తే ఒకటే అనుకోకుండా కొత్తదానికి మళ్లీ పరీక్ష చేసుకోండి. మన దగ్గర బ్రాండ్ల ఎంపిక ఉండదు. లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర ఏది దొరికితే అదే. అందుకే ఇక్కడ పలుకు, తేమ చూసుకోవడం మరీ ముఖ్యం.

రెండోది ప్రత్యామ్నాయ మందులు. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 ఈ కోవలోవి. అమెరికాలో అసలు మందు కంటే ఇవే తేలిగ్గా దొరుకుతాయి. ఇవి అంటుకోవడానికి వేడి ఎక్కువ కావాలి, కాబట్టి చెకుముకికి నమ్మకం ఉండదు. బ్లాక్‌హార్న్ అయితే 209 ప్రైమర్ ఉన్న ఇన్‌లైన్ రైఫిళ్లకే. ట్రిపుల్ సెవెన్ అదే కొలతకు అసలు మందు కంటే బలంగా ఉంటుంది, అందుకే కొలత 15 శాతం తగ్గించమని తయారీదారే చెబుతాడు. బిళ్లలు వాడేవాళ్లు పైరోడెక్స్ బిళ్ల నల్లటి కొనను ప్రైమర్ వైపు, అంటే కిందికి వేయాలి. తలకిందులుగా వేస్తే ఆలస్యంగా పేలుతుంది, లేదా పేలదు.

ఏ రెండు మందులూ కలపకండి. డబ్బా అడుగున కొంచెమే మిగిలింది కదా అని కొత్త డబ్బాలో ఒంపేయడం చాలామందికి అలవాటు.

4. పలుకు ఎంత ఉండాలి?

సిద్ధాంతం ఇంతే: పలుకు సన్నబడే కొద్దీ మందు త్వరగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. వెడల్పు గొట్టానికి లావు పలుకు, ఇరుకు గొట్టానికి సన్న పలుకు. గోల్కొండలో పెట్లా బురుజు మీద ఉన్న ఫతే రహబర్ లాంటి ఫిరంగులకు లావు పలుకు మందు, సిపాయి తుపాకికి సన్నది వాడడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

డబ్బా మీద ఎఫ్ అక్షరాలుంటాయి. ఎఫ్‌లు పెరిగితే పలుకు సన్నబడుతుంది.

- 1ఎఫ్: సుమారు 1.2 నుంచి 1.7 మిల్లీమీటర్లు. పెద్ద మస్కెట్లకు, పది, పన్నెండు బోరు తుపాకులకు.
- 2ఎఫ్: సుమారు 0.6 నుంచి 1.2. .50, ఆపైన ఉన్న రైఫిళ్లకు.
- 3ఎఫ్: సుమారు 0.3 నుంచి 0.85. .45, అంతకు తక్కువ రైఫిళ్లకు, పిస్తోళ్లకు.
- 4ఎఫ్: దాదాపు పిండి. చెకుముకి తుపాకి రంజకం పళ్లెంలో చిటికెడు వేయడానికే.

4ఎఫ్‌ను గొట్టంలో అసలు మందుగా పోయకండి. రంజకానికి 4ఎఫ్ దొరక్కపోతే 3ఎఫ్ సరిపోతుంది, వెలగడంలో తేడా చాలామందికి తెలియదు కూడా. రెండు డబ్బాలు కొనే ఇబ్బంది వద్దనుకునేవాళ్లకు ఇది మంచి దారి.

.50 దగ్గర జనం రెండుగా చీలిపోతారు. కొందరు 2ఎఫ్ అంటారు, కొందరు 3ఎఫ్‌తో మసి తక్కువ అంటారు. రెండూ నడుస్తాయి. నేనైతే మొదలుపెట్టేవాళ్లకు 2ఎఫ్ చెబుతాను, చిన్న పొరపాటును అది కాస్త ఓర్చుకుంటుంది. 2ఎఫ్ నుంచి 3ఎఫ్‌కు మారితే కొలత 10 నుంచి 15 శాతం తగ్గించి మళ్లీ మొదటి నుంచి పరీక్ష చేయాలి.

స్విస్ డబ్బాల మీద నంబర్లు వేరుగా ఉంటాయి. స్విస్ 2 అంటే 3ఎఫ్, స్విస్ 3 అంటే 2ఎఫ్. నంబరు చూసి తలకిందులుగా కొనేవాళ్లు ఎక్కువ. పైరోడెక్స్‌లో ఆర్‌ఎస్ అన్నది సుమారుగా 2ఎఫ్ స్థానంలో, పి అన్నది 3ఎఫ్ స్థానంలో వస్తుంది.

లావు పలుకే దొరికింది కదా అని రోట్లో వేసి నలపడం, మిక్సీలో తిప్పడం ప్రాణాంతకం. దొరక్కపోతే ఆగండి.

5. కొనేటప్పుడు, వాడే ముందు డబ్బాను ఇలా చూడండి

సీలు ఉందా, పలుకు సంఖ్య రాసి ఉందా, లాట్ నంబరు ఉందా చూడండి. లేబుల్ లేని హార్లిక్స్ సీసాలో ఉన్నది ఎంత నమ్మకమైన మనిషి ఇచ్చినా తీసుకోకండి. అందులో స్మోక్‌లెస్ ఉందో, ఇంకేం ఉందో చూపుతో చెప్పలేం.

చెంచాడు మందు తెల్ల కాగితం మీద పోయండి. పలుకులు దాదాపు ఒకే సైజులో, కొంచెం మెరుస్తూ ఉండాలి. కాగితం వంచితే జారిపోవాలి. కాగితం మీద నల్లటి దుమ్ము ఎక్కువగా మిగిలితే మందు నలిగిపోయింది. రెండు వేళ్ల మధ్య పలుకును నొక్కితే వెంటనే పొడి కాకూడదు. ముద్దలు కట్టినా, పలుకుల మీద తెల్లటి పూత కనిపించినా తేమ తగిలి సూరేకారం బయటికి వచ్చిందని అర్థం. దాన్ని ఎండబెట్టి వాడుకోవచ్చని చెబుతారు, వినకండి. ఒకసారి సూరేకారం విడిపోయాక ఎండబెట్టినా ముందున్న కలయిక తిరిగి రాదు.

ఇంట్లో చిటికెడు వెలిగించి చూడడం పరీక్ష కాదు. డబ్బా పక్కనే ఉంటుంది, అదే ప్రమాదం.

6. ఎంత పోయాలి?

కొత్త రైఫిలైతే పుస్తకంలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంటాయి. కనిష్ఠంతో మొదలుపెట్టండి. పుస్తకం పోయినా తయారీదారు సైట్‌లో దొరుకుతుంది. బలమైన కొత్త గొట్టాలకు, గుండ్రటి గుండుకు వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది: వ్యాసం ఎంతో అన్ని గ్రెయిన్లతో మొదలు. .50కి 50 గ్రెయిన్లు. ఇది మొదలు మాత్రమే, పుస్తకంతో తేడా వస్తే పుస్తకమే గెలవాలి. పాత తుపాకికి ఈ లెక్క వర్తించదు, దాన్ని పరీక్షించిన గన్‌స్మిత్ చెప్పిందే కొలత.

పెద్దవాళ్లు పావు తులం, అర తులం అని చెబుతారు. తులం 11.66 గ్రాములు, అంటే 180 గ్రెయిన్లు. అర తులం 90 గ్రెయిన్లు అవుతుంది, .45 రైఫిల్‌కు మొదటి కొలతగా అది చాలా ఎక్కువ. వేళ్లతో కొలవడం, అరచేతిలో గుండు పెట్టి అది మునిగేదాకా మందు పోయడం లాంటివీ విని ఉంటారు. చేతులన్నీ ఒకలా ఉండవు. ఇత్తడి కొలత గొట్టం కొనండి.

అతి మామూలుగా జరిగే తప్పు ఇది: ప్రత్యామ్నాయ మందును తూకం వేయడం. పైరోడెక్స్ లాంటివి అసలు మందు కంటే తేలిక. 50 గ్రెయిన్ల కొలత గొట్టం నిండా పోస్తే దాని బరువు 50 గ్రెయిన్ల కంటే బాగా తక్కువ ఉంటుంది. దాన్ని త్రాసు మీద 50 గ్రెయిన్లు వచ్చేదాకా పోశారంటే అధిక మోతాదు అయిపోయినట్టే. పుస్తకంలో పరిమాణం అని ఉంటే కొలత గొట్టంతోనే కొలవాలి.

ప్రతిసారీ ఒకేలా నింపండి. ఒకసారి తట్టి, ఒకసారి తట్టకుండా నింపితే మందు మారుతుంది, గుండు పడే చోటు మారుతుంది.

7. పేల్చి సరిచూసుకోవడం

ఇది అనుమతి ఉన్న చోట, మజిల్ లోడర్ తెలిసిన మనిషి పక్కన ఉండగా చేయాల్సిన పని. మొదటిసారి ఒంటరిగా వద్దు.

డబ్బా నుంచి గానీ, మందు దాచుకునే కొమ్ము నుంచి గానీ నేరుగా గొట్టంలోకి పోయకండి. ముందు పేలిన దాని నిప్పుకణిక లోపల మిగిలి ఉంటే మీ చేతిలోని డబ్బా మొత్తం అంటుకుంటుంది. ముందు కొలత గొట్టంలోకి, అక్కడి నుంచి తుపాకిలోకి. డబ్బా మూత పెట్టి దూరంగా పెట్టాకే పోయండి. సిగరెట్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు.

మందు పోశాక, జిడ్డు రాసిన నూలు గుడ్డలో గుండు పెట్టి, అది మందును తాకేదాకా దించండి. అప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర గీత పెట్టండి. ఇక ప్రతిసారీ కడ్డీ ఆ గీత దాకా దిగాలి. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది. గీత ఎక్కువ దిగితే మందు తక్కువ, దిగకపోతే మసి అడ్డం లేదా రెండుసార్లు పోశారు. క్యాప్ పెట్టడం, రంజకం వేయడం అన్నిటికంటే చివర.

మూడేసి గుండ్లు కాల్చి, కొలత 5 గ్రెయిన్ల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి, గరిష్ఠం దాటకుండా. మూడు గుండ్లూ దగ్గర దగ్గరగా పడిన చోట ఆగండి. ఎక్కువ మందు అంటే ఎక్కువ గురి కాదు. చాలా రైఫిళ్లు మధ్య కొలతలోనే బాగా కొడతాయి.

తుపాకికి ఎదురుగా నేల మీద పడిన గుడ్డ ముక్కలను ఏరి చూడండి, అవి చాలా చెబుతాయి. అంచులు కొంచెం చిరిగి, మధ్య నల్లటి గుండ్రటి మచ్చ ఉంటే అంతా సరిగ్గా ఉంది. మధ్యలో కాలి రంధ్రం పడితే మందు ఎక్కువ, లేదా జిడ్డు తక్కువ, లేదా గుడ్డ పలచన. గాడుల చోట కోసినట్టు ఉంటే గొట్టం మూతిలో పదును మిగిలింది.

మసి కూడా చెబుతుంది. రెండో గుండుకే కడ్డీ బిగుసుకుంటే పలుకు లావైంది, లేదా జిడ్డు సరిగ్గా లేదు. ఇంజిన్ ఆయిల్, గ్రీజు లాంటివి వాడితే నల్లమందుతో కలిసి తారులా తయారవుతాయి, అందుకే తేనెమైనం అన్నాను. మన వాతావరణం సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో మసి గట్టిపడి పెంకులా అవుతుంది, ప్రతి గుండు తర్వాత తడిపిన గుడ్డతో ఒకసారి తుడవాలి. వానాకాలంలో మసి మెత్తగానే ఉంటుంది కానీ తేమ పీల్చి గంటల్లో తుప్పు మొదలుపెడుతుంది. హైదరాబాద్‌లో మే నెలలో కుదిరిన పద్ధతి ఆగస్టులో అలాగే పనిచేయాలని లేదు.

మీట నొక్కితే పేలలేదా? మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. ఆ తర్వాత కొత్త క్యాప్, లేదా కొత్త రంజకం. రెండు మూడుసార్లకూ పేలకపోతే మందు తడిసింది, లేదా నిపుల్ మూసుకుపోయింది. తీయడం పక్కనున్న అనుభవజ్ఞుడికి వదిలేయండి. ఎట్టి పరిస్థితిలోనూ మందు ఉన్న తుపాకిని ఇంటికి తేకండి.

ప్రతి వరుసకూ నోట్‌బుక్‌లో రాయాల్సినవి: మందు పేరు, లాట్, పలుకు, కొలత, గుడ్డ, జిడ్డు, ఆ రోజు ఎండా వానా, గుండ్లు ఒకదానికొకటి ఎంత దూరంలో పడ్డాయో. డబ్బా అయిపోయి కొత్తది కొన్న రోజున ఈ పేజీయే పనికొస్తుంది.

8. అదే రోజు కడగాలి

నల్లమందు కాలాక సగానికి పైగా ఘన పదార్థంగా మిగులుతుంది, అది తేమను లాగుతుంది. ఖాళీ అని మళ్లీ ఒకసారి చూసుకుని, వేడినీళ్లు, సబ్బుతో గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. పూర్తిగా ఆరాక పలచగా నూనె రాయండి. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ కూడా తుప్పు పట్టిస్తాయి, వాటికీ ఇంతే. బ్లాక్‌హార్న్‌కు మాత్రం నీళ్లు పనిచేయవు, తయారీదారు చెప్పిన సాల్వెంట్ వాడాలి. మర్నాడు మళ్లీ ఒక గుడ్డ దించి చూడండి. ఎర్రగా వస్తే ముందు రోజు సరిగ్గా ఆరలేదు. మళ్లీ వాడే ముందు ఆ నూనె తుడిచేయాలి, లేకపోతే మొదటి మందు తడిసి పేలదు.

మందు ఎక్కడ దాచాలి?

లైసెన్స్ అనుమతించినంతే, అసలు డబ్బాలోనే. ఇనుప బీరువాలో, లాకర్‌లో పెట్టకండి. గట్టిగా మూసిన ఇనుప పెట్టెలో మందు అంటుకుంటే ఆ పెట్టే బాంబు అవుతుంది. అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టె, దానికి తాళం, పిల్లలకు అందని ఎత్తు, వంటగదికి, దేవుడి గదికి, ఇన్వర్టర్ బ్యాటరీకి దూరం. క్యాపులను మందుతో పాటు ఒకే పెట్టెలో పెట్టకండి. ఎండలో ఆగిన కారు డిక్కీలో వదలకండి. రైల్లో, విమానంలో, ఆర్టీసీ బస్సులో తీసుకెళ్లడం నేరం. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు నా సలహా ఏమిటంటే మందు ఇంట్లో పెట్టుకోకుండా, అవసరమైనప్పుడు అవసరమైనంతే డీలరు దగ్గర కొనుక్కోండి.

పాత ఇల్లు సర్దుతుంటే మందు డబ్బా, కొమ్ము, సీసా ఏదైనా దొరికితే దాన్ని వాడే ఆలోచన పెట్టుకోకండి. మూత తిప్పకండి, ఊపకండి. మూత గాడుల్లో చేరిన పొడి రాపిడికే అంటుకోవచ్చు. చెత్తబండిలో వేయకండి, పొలంలో తగలబెట్టకండి. ఉన్నచోటే ఉంచి మీ పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పండి. వాళ్లు వచ్చేదాకా ఆ గదిలో పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ ఏదీ వెలిగించకండి.